పట్టుకోకుండానే ‘పట్టిన’ అన్నాను

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాట. “పట్టిన” అన్నాను. పైపు పానా నా రెండు చేతుల్లో ఉన్నట్టు కంటికి కనిపిస్తూనే ఉంది. వేళ్లకు మాత్రం అది ఉన్నట్టు తెలియడం లేదు. ఎంత గట్టిగా పట్టుకున్నానో, అసలు పట్టుకున్నానో లేదో చెప్పలేని స్థితిలో ఉండి ఆ మాట అన్నాను. అది నమ్మి ఖలీల్ బోల్టు వదులు చేశాడు. పానా నా చేతుల్లోంచి జారి, గిర్రున తిరిగి, అతని కుడి కంటికి తగిలింది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఈలోపు నా మెడకు ఆపరేషన్ అయింది. నడుస్తున్నాను. నా అన్నం నేనే తింటున్నాను. చెడ్డ రోజులు గడిచిపోయాయని చుట్టాలు అంటున్నారు. అవి ఎలా గడిచాయో రాసుకుంటే మనసు కొంత కుదుటపడుతుందని మొదలుపెట్టాను. నా వేళ్లు కలం మీద నిలవవు కాబట్టి నేను చెబుతుంటే నా బిడ్డ మౌనిక రాసింది. తనకు నా మీద కోపం వచ్చిన చోట కూడా ఏమీ తీసేయలేదు. నాలాగే వేళ్లు మొద్దుబారినా ఎవరికీ చెప్పకుండా పనికి పోతున్నవాళ్లు ఒక్కరైనా దీన్ని చదవాలని నా కోరిక.

నాది కోరుట్ల. ఇరవై ఏళ్లకు పైగా దుకాణాల షట్టర్లు బిగించడం, బాగుచేయడం నా పని. ఖలీల్ నాకన్నా నాలుగేళ్లు చిన్న. మొదట వెల్డింగ్ చేసేవాడు, తర్వాత నాతో కలిశాడు. కోరుట్ల బజారులోనైనా, జగిత్యాలలోనైనా, సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలోనైనా నేను బిగించిన ప్రతి షట్టర్‌కూ రెండో పక్క ఖలీల్ ఉన్నాడు. నన్ను “ఉస్తాద్” అనేవాడు. సగం వేళాకోళం, సగం నిజం.

షట్టర్ అంటే అందరికీ రేకు కనిపిస్తుంది. ఆ రేకును మోసేది స్ప్రింగు. గుమ్మం పైన చుట్టుకుని ఉండే రేకు మధ్యలో ఇనుప పైపు ఉంటుంది. ఆ పైపు మీద స్ప్రింగులు ఉంటాయి. షట్టర్‌ను కిందికి లాగితే స్ప్రింగు బిగుసుకుంటుంది. పైకి ఎత్తేటప్పుడు ఆ బిగువే రేకును లేపుతుంది. నలుగురు మోయాల్సిన రేకును ఒక ముసలాయన ఒంటి చేత్తో లేపగలిగేది అందుకే. షట్టర్ పూర్తిగా పైకి పోయినా పైపులో కొన్ని చుట్ల బిగువు మిగిలే ఉంటుంది. చూసేవాళ్లకు అది తెలియదు. పైపును కదలకుండా ఉంచే బోల్టు వదులు చేశామా, ఆ చుట్లన్నీ ఒక్కసారి తిరిగిపోతాయి.

అందుకే ఇది ఒంటరిగా చేసే పని కాదు. ముందు రేకు జారకుండా తాడుతో కట్టాలి. ఒకరు పానాతో పైపును పట్టుకుంటే మరొకరు బోల్టు విప్పాలి. ఇంకో పానా కూడా పైపుకు వేసి, దాని పిడిని గోడకు ఆనించాలి. మొదటిది జారినా రెండోది ఆపుతుంది. పిడి తిరిగే దారిలో ఎవరి ముఖమూ ఉండకూడదు. విప్పేవాడు “పట్టినవా?” అని అడగాలి. పట్టుకున్నవాడు “పట్టిన” అన్నాకే బోల్టు మీద చెయ్యి వేయాలి. ఈ పద్ధతి ఖలీల్‌కు నేర్పింది నేనే.

ఏ షట్టర్‌కు ఎన్ని చుట్లు పెట్టాలో మాత్రం నేర్పలేదు. అది రేకు బరువును బట్టి, గుమ్మం ఎత్తును బట్టి, స్ప్రింగు వయసును బట్టి మారుతుంది. “ఎన్ని సుట్లు ఉస్తాద్?” అని అడిగేవాడు. “నేను లెక్కవెడుతున్న తియ్యి, నువ్వు బోల్టు సూడు” అనేవాణ్ని. ఆ లెక్కలన్నీ నా తలలోనే ఉంచుకున్నాను. అవి నా దగ్గర ఉన్నంతకాలం ఏ దుకాణదారుడైనా నన్నే పిలవాలి. ఖలీల్ కూడా నా వెనకే రావాలి.

ఉగాది నుంచి దసరా దాకా

ఉగాది దాటాక మొదలైంది. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కాయి. పానా పట్టీ పట్టీ అలా అయిందనుకున్నాను. ఎండలు ముదిరేసరికి రెండు చేతులకూ పాకింది. అంగీ గుండీలు పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడాల్సి వచ్చేది. అన్నం కలుపుతుంటే వేడిగా ఉందో చల్లగా ఉందో తెలిసేది కాదు. జేబులో చెయ్యి పెడితే తాళంచెవి ఏదో, బోల్టు ఏదో తేల్చుకోలేకపోయేవాణ్ని.

వానలు పడుతున్న రోజుల్లో ఒకనాడు ఇంటికి వచ్చాను. నా భార్య విజయ గడపలో నిలబడి నా కాళ్ల వైపు చూసింది.

“ఒక్క కాలుకే చెప్పున్నది. రెండోది ఏడ ఇడిసినవ్?”

నేను కిందికి చూసుకున్నాను. ఎడమ కాలు బురదలో ముంచినట్టుంది. చెప్పు ఎక్కడ జారిందో నాకు తెలియలేదు.

“తాగినవా ఏంది?” అంది నవ్వుతూ.

“రెండు గుటుకలు” అన్నాను.

ఆ నవ్వు ముఖంలోంచి పోయింది. నేను తాగి ఎన్నేళ్లయిందో ఆమెకు తెలుసు. అయినా, రోగం ఉన్నవాడు అనిపించుకోవడం కన్నా తాగుబోతు అనిపించుకోవడమే నాకు నయమనిపించింది. తాగినవాడు పొద్దున్నే మళ్లీ పనికి పోవచ్చు. చేతుల్లో పట్టు లేనివాణ్ని ఎవరు పిలుస్తారు? నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నేను అదే మంచిదనుకున్నాను. అడిగేవాళ్లు లేరు కదా.

దసరా అయిన వారం

కోరుట్ల బజారులో భూమన్న సేటుకు గిన్నెల దుకాణం ఉంది. దసరా గిరాకీలో షట్టర్ బరువుగా లేస్తోందని చెబితే, ఒంటరిగా చేయకూడదని తెలిసీ నేనొక్కణ్నే పోయి బిగించాను. అప్పుడే లెక్క తప్పింది. ఎన్ని చుట్లు అయ్యాయో నాకు చేతులు చెప్పేవి. ఆ రోజు అవి ఏమీ చెప్పలేదు. అంచనా మీద ఒక చుట్టు ఎక్కువ పెట్టి వచ్చేశాను.

మూడు రోజులకు ఆ బజారులోనే పాత బట్టల వ్యాపారి ఒకాయన చనిపోయాడు. మా దగ్గర బజారులోంచి శవయాత్ర పోతుంటే దుకాణాలవాళ్లు షట్టర్లు సగం దించుతారు. యాత్ర దాటాక మళ్లీ లేపుతారు. పోయినవాడు ఎవరైనా సరే, ఆ మాత్రం మర్యాద చేస్తారు. భూమన్న సేటు ఫోన్ చేస్తే నేనూ ఖలీలూ పోయాం. ఆయన గుమ్మంలో చెమటలు కక్కుతున్నాడు.

“ఏం జేసినవయ్యా రాజేశం? బరువున్నదంటె బిగిచ్చినవ్. గిప్పుడు దించితె మీదికి దునుకుతాంది. సగంల ఆగుమంటె ఆగుతలేదు.”

ఖలీల్ షట్టర్‌ను సగం దాకా లాగి వదిలాడు. అది దడేలుమని పైకి పోయింది. “సేటూ, మా ఉస్తాద్ స్ప్రింగు పెట్టలే, లేగదూడను కట్టిండు” అన్నాడు.

“గిది నవ్వులాటనా? శవం ఇంటికాడికెళ్లి లేసిందట. బజారంత దించుతరు. నాదొక్కటే నోరు తెరిచి ఉంటె ఏమన్న మంచిగుంటదా?”

ఖలీల్ నన్ను పక్కకు పిలిచాడు. “ఉస్తాద్, చెరో దిక్కు పట్టుకొని నిలవడుదాం. యాత్ర పోయినంక నిమ్మళంగ ఇప్పుదాం.”

అదే సరైన మాట. అలా చేసి ఉంటే ఈ రాత ఉండేది కాదు. కానీ చుట్టుపక్కల దుకాణాలవాళ్లు చూస్తున్నారు. నేను బిగించిన షట్టర్‌ను ఇద్దరు మనుషులు వేలాడుతూ పట్టుకోవడం నాకు తలవంపులనిపించింది.

“రెండు నిమిషాల పని. ఒక్క సుట్టు తీస్తె అయిపాయె” అన్నాను.

“రెండో పానా?”

“ఇంటికాడ ఉన్నది. ఏంగాదు, నేనున్న గద.”

రేకుకు తాడు కట్టి, రెండు స్టూళ్లు వేసుకుని ఎక్కాం. డప్పుల చప్పుడు మూల మీదికి వచ్చింది. ఒక్కొక్క దుకాణం షట్టర్ సగం దిగుతున్న చప్పుడు మా వైపు వస్తోంది. ఖలీల్ బోల్టుకు స్పానర్ తగిలించి నా వైపు తిరిగాడు.

“పట్టినవా ఉస్తాద్?”

“పట్టిన” అన్నాను.

తర్వాత నాకు గుర్తున్నవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. స్టూలు పడింది. గిన్నెలు దొర్లాయి. ఖలీల్ గడప మీద మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. శవయాత్ర మా ముందుకు వచ్చి ఆగింది. బజారంతా సగం దించిన షట్టర్ల మధ్య మేమున్న దుకాణం ఒక్కటే పూర్తిగా తెరుచుకుని ఉంది. చనిపోయినాయన తమ్ముడు పాడె వదిలి వచ్చాడు. భుజం మీది తువ్వాల తీసి ఖలీల్ కంటికి అదిమి, “ఆటోల ఎక్కియ్యుండ్రి, ముందు బతికినోన్ని సూడుండ్రి” అన్నాడు. అన్న శవాన్ని బజారులో ఆపి ఆటో దాకా వచ్చాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

ఆటోలో ఖలీల్ తల నా ఒడిలో ఉంది. “బోల్టు ఒక్కపారే మొత్తం ఇప్పిన ఉస్తాద్” అన్నాడు. “కొంచెం కొంచెం ఇప్పుమంటివి. నేనే తొందరపడ్డ.”

నేను మాట్లాడలేదు. ఆ రోజు చేసిన రెండో తప్పు అది. మొదటిదానికి ఒక్క క్షణం పట్టింది. రెండోది నాలుగు నెలలు నడిచింది.

మొదటి మూడు వారాలు

కోరుట్లలో కట్టు కట్టి జగిత్యాలకు పంపారు, అక్కడి నుంచి కరీంనగర్‌లో కంటి ఆసుపత్రికి. ఖలీల్ భార్య షాహిదా, నేనూ వంతులవారీగా ఉన్నాం. కంటి ఆసుపత్రి వసారాలో ఒక వింత ఉంటుంది. సగం మంది కళ్లకు కట్లతో కూర్చుంటారు కాబట్టి అందరూ ఒకరినొకరు గొంతులతోనే గుర్తుపడతారు. కంపౌండర్ పేరు పిలిచినప్పుడల్లా పది తలలు ఒకేసారి లేచేవి.

వెల్గటూర్ నుంచి తల్లికి కంటి పొర తీయించడానికి వచ్చిన ఒకామె మా బెంచీ మీదే కూర్చునేది. ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె తుంచి నాకూ ఇచ్చింది. అది నా వేళ్లలోంచి కింద పడింది. ఇంకో ముక్క ఇచ్చింది. అదీ పడింది. మూడో ముక్కను నా అరచేతిలో పెట్టి, నా వేళ్లను తన వేళ్లతో మూసింది. “ఇగ తిను” అంది. అన్ని కళ్ల మధ్య నా చేతులను చూసింది ఆమె ఒక్కతే. నాకు ఏడుపొచ్చింది. ఖలీల్ కోసం ఏడుస్తున్నాననుకుని వెన్ను నిమిరింది. ఆ ఓదార్పు కూడా నేను దొంగిలించినట్టే.

మూడో వారంలో డాక్టరు చెప్పాడు. ఆ కంటికి ఇక వెలుతురు రాదని. షాహిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

“రెండోది మంచిగున్నదన్నరు గదన్నా. గది సాలు. నువ్వు పక్కన ఉన్నవ్ గనక పాణంతోని దొరికిండు.”

నేను తల ఊపాను. అలా ఊపిన తలను ఆ తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

చలి మొదలైనప్పుడు

ఖలీల్ ఇంటికి వచ్చాడు. నేను రెండు రోజులకోసారి పోయేవాణ్ని. ఒక్క కంటితో దూరం తెలియదని అతన్ని చూశాకే నాకు అర్థమైంది. చాయ సాసర్లో పోయబోతే చాపమీద పోసేవాడు. వాకిట్లో పాత పైపు ముక్కకు పానా తగిలించబోతే అది గాలిలో మూసుకునేది. రెండోసారి, మూడోసారి. తర్వాత పానాను నెమ్మదిగా కింద పెట్టేవాడు, శబ్దం రాకుండా.

“గా రోజు జరంత ఆగితే గిట్లయ్యేది గాదు. నా తొందరే నా కన్ను తీసింది” అనేవాడు.

“అయ్యిందేదో అయ్యింది. మనసుల పెట్టుకోకు” అనేవాణ్ని.

పైకి చూస్తే ఆ మాట ఎంత మంచిగా ఉంటుందో. నేను దాని వెనకాల దాక్కున్నాను. ఒకరోజు వాళ్లింట్లోనే నా చేతిలోని చాయ గ్లాసు జారి పగిలింది. ఖలీల్ కట్టులేని కంటితో నా చేతుల వైపు చూశాడు. “కాలింది” అన్నాను. షాహిదా చల్లటి నీళ్లు తెచ్చి నా వేళ్ల మీద పోసింది. చల్లదనం నాకు తెలియలేదు.

తర్వాత కొద్ది రోజులకే కూరగాయల మార్కెట్ మెట్ల దగ్గర నా కాళ్లు నన్ను వదిలేశాయి. పడ్డాను. లేవబోయి మళ్లీ పడ్డాను. ఎవరో “తాగిండు” అన్నారు. సంచి పట్టుకుని పక్కనే ఉన్న విజయ ఆ మాట అన్నవాడి వైపు తిరిగి, “తాగితె నేను తాగిచ్చిన్నా? ముందు చెయ్యందియ్యి” అంది. నాది తాగుడు కాదు, రోగమని ఆ రోజే ఆమెకు అర్థమైంది. ఇంట్లో నా అంగీ గుండీలు తనే విప్పుతూ అడిగింది.

“గా చెప్పు పోయిన రోజు గూడ ఇదేనా?”

“అవు. ఉగాది సంది వేళ్లల్ల తిమ్మిరే.”

“నాలుగు దినాలు నిన్ను తాగుబోతని తిట్టుకోనిచ్చినవ్. రోగమని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?”

మెడలో ఎముకల మధ్య నరం నలిగిపోతోందని, ఆపరేషన్ చేయకపోతే మంచానికే పరిమితమవుతానని నరాల డాక్టరు చెప్పాడు. ఎప్పటి నుంచి అని అడిగితే రెండు నెలలన్నాను. విజయ అక్కడే నా మాట కొట్టేసింది. “అబద్ధం సార్. ఉగాది సంది.” ఆయన కాగితం మీద రాస్తున్నది ఆపి నా వైపు చూశాడు. “అప్పుడే వచ్చుంటే చేతులు చాలావరకు దక్కేవి” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తేలికయ్యేది.

ఆపరేషన్ ముందు రోజు నేను ఎంత భయపడ్డానో ఎలా చెప్పాలి? చస్తానని కాదు. మెడ కింది భాగమంతా బతికున్న మాంసపు ముద్దలా మిగిలిపోతానేమోనని. విజయ నా కాళ్ల దగ్గర కూర్చుని బొటనవేలు నొక్కుతూ “తెలుస్తాందా?” అని అడుగుతోంది. తెలియకపోయినా “తెలుస్తాంది” అన్నాను. నా అలవాటు ఇంకా పోలేదు.

ఆ మధ్యాహ్నం వార్డు గుమ్మంలో నల్ల కళ్లద్దాలతో ఖలీల్ నిలబడి ఉన్నాడు. ఒంటరిగా బస్సెక్కి వచ్చాడు. బస్టాండులో ఎవరినో గుద్దుకుని చెయ్యి గీరుకుపోయింది. షాహిదా పంపిన జావ డబ్బా మూత తీసి, చెంచా నా నోటి దగ్గరికి తెచ్చాడు. అది నా గడ్డానికి తగిలింది. ఇద్దరం నవ్వాం.

“సూడు ఉస్తాద్, నాకు నోరు కానస్తలేదు, నీకు చెంచా పట్టరాదు. మనిద్దర్ని కలిపితె ఒక్క మనిషైతడు.”

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను. జావ మింగాను.

సిరిసిల్లలో

ఆపరేషన్ తర్వాత మెడకు పట్టీతో మౌనిక ఇంటికి పోయాను. అల్లుడు మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు, మౌనిక బట్టలు కుట్టే యూనిట్‌లో. వాళ్ల ఇల్లు కింది అంతస్తు, మెట్లు లేవు. పగలంతా మగ్గాల చప్పుడు. మొదట తల నొప్పి పుట్టేది, తర్వాత ఆ చప్పుడు ఆగితేనే దిగులుగా ఉండేది. కాళ్లలో బలం వచ్చింది. కుడి చేతి బొటనవేలికి కొద్దిగా స్పర్శ వచ్చింది. మిగతా వేళ్లు అలాగే ఉండిపోయాయి. రోగం పెరగదు, పోయినది తిరిగి రాదు అని చెప్పారు.

ఒక పొద్దున మౌనిక నా అంగీకి గుండీలు పెడుతూ అడిగింది.

“బాపూ, గివి ఎప్పటి సంది పెట్టుకొస్తలేదు?”

“ఎండకాలం సంది బిడ్డా.”

మూడో గుండీ దగ్గర ఆమె చేతులు ఆగాయి. వేళ్ల మీద నెలలు లెక్కపెడుతోందని నాకు తెలుస్తోంది.

“మరి ఖలీల్ కాకకు దెబ్బ తాకినప్పుడు?”

నేను గోడ వైపు చూశాను.

“ఆయన తప్పు ఆయనదే అనుకుంటుండు. ఫోన్ల నాతోని గదే అన్నడు. ‘నా తొందర బిడ్డా’ అని.” గొంతు పెంచలేదు. “బాపూ, ఆయన ముందట ఎన్నిసార్లు కూసున్నవ్? జావ తాగినవ్. ఒక్కపారన్న చెప్పబుద్ధి గాలేదా?”

“చెప్తే ఇడిసిపెట్టి పోతడనుకున్న.”

“నీకు గుండీలు పెట్టెతందుకు నేనున్న. ఆయన కన్ను ఎవలు పెడుతరు? కన్నైతె ఎట్లాగు రాదు. తప్పన్న ఆయన మీదికెళ్లి తియ్యి.”

మిగతా గుండీలు పెట్టకుండానే లోపలికి పోయింది. ఆ రోజంతా అంగీ అలాగే సగం తెరుచుకుని ఉంది. మూసుకోవడానికి నాకు చేతకాలేదు.

చెప్పిన రోజు

వారం తర్వాత కోరుట్ల వచ్చి నేరుగా ఖలీల్ ఇంటికి పోయాను. షాహిదా చాయ పెట్టబోయింది. వద్దని కూర్చోమన్నాను. ఇద్దరికీ చెప్పాను. ఉగాది నుంచి చెప్పాను. ఒక చుట్టు ఎక్కువ పెట్టింది, పట్టుకుని నిలబడదామంటే వినంది, రెండో పానా తేనిది, “పట్టిన” అన్నది. “నీ తొందర ఏం లేదు ఖలీల్. నువ్వు బోల్టు ఎట్ల ఇప్పినా అది జారేదే. నా చేతుల్ల పానా ఉన్నదో లేదో నాకు ఎరుక లేదు.”

షాహిదా లేచి లోపలికి పోయింది. ఖలీల్ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటిసారి ఆ కన్ను నేను పూర్తిగా చూశాను.

“నీ చేతులకు రోగమచ్చింది. గది నువ్వు తెచ్చుకోలే” అన్నాడు. “నా కన్ను పోయింది. గది గూడ ఓర్సుకుంట. కని నాలుగు నెలల సంది నేను ఇంట్ల కూసొని గా బోల్టు ఇప్పుతనే ఉన్న రాజేశం. తింటె ఇప్పుతున్న, నమాజుల ఇప్పుతున్న. ఒక్కపారి నిమ్మళంగ ఇప్పుత, ఒక్కపారి ఇంక నిమ్మళంగ. నువ్వు నా ఎదురుంగ కూసొని సూసుకుంట ఉన్నవ్.”

ఉస్తాద్ అనలేదు. మళ్లీ ఎప్పుడూ అనలేదు.

“పో” అన్నాడు.

వచ్చేశాను.

ఎండాకాలం నుంచి మళ్లీ దసరా దాకా

క్షమించమని మళ్లీ మళ్లీ గడప తొక్కడం కూడా ఒక రకమైన పీడించడమే అనిపించింది. నా దగ్గర అతనికి పనికొచ్చేది ఒకటే ఉంది. ఇరవై ఏళ్లుగా దాచుకున్న చుట్ల లెక్క. మౌనిక సెలవు రోజుల్లో వచ్చి కూర్చుంది. నేను కళ్లు మూసుకుని ఒక్కో బజారు గుండా నడిచినట్టు చెప్పాను. ఫలానా మందుల దుకాణం, ఇంత ఎత్తు గుమ్మం, ఎడమ పక్క బోల్టు, ఇన్ని చుట్లు. నోటుబుక్కు నిండింది. దాన్ని తీసుకుపోయి షాహిదా చేతికిచ్చాను. ఆమె తీసుకుంది. లోపలికి రమ్మనలేదు.

బుక్కు పోవచ్చు, చిరగొచ్చు. అందుకే ఎర్ర రంగు డబ్బా పట్టుకుని ఒక్కో దుకాణానికీ తిరగడం మొదలుపెట్టాను. విజయ పొద్దున్నే కుంచెను నా అరచేతికి గుడ్డతో కట్టి పంపేది. “బడికి పోయేటోనికి పలక కట్టినట్టున్నది” అనేది. చెప్పు పోయిన రోజు తర్వాత ఆమె నా ముఖం చూసి నవ్వడం మళ్లీ అప్పుడే. షట్టర్ పక్క గోడమీద, లోపలి వైపు, చుట్ల లెక్క రాసేవాణ్ని. దాని కింద ‘తాడు. ఇద్దరు మనుషులు. రెండు పానాలు’ అని. అక్షరాలు వంకర పోయేవి. రాసే ముందు ప్రతి దుకాణదారుడికీ నేను చేసింది చెప్పాను. కొందరు పోనీలే అన్నారు. జగిత్యాలలో ఒకాయన, “గిన్నేండ్లు షట్టర్ చెడితె నీకోసం కావలి గాస్తిమి, లెక్క గింతేనా?” అని కసిరాడు. ఆయన అన్నది నిజమే. సిరిసిల్లలో ఒక షెడ్డు యజమాని, “నిన్ననే ఖలీల్ అచ్చి స్ప్రింగు మార్చిపోయిండు. ఆయన బామ్మర్ది పట్టిండు. బుక్కుల సూసుకొని చేసిండు” అన్నాడు. ఆ రోజు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని వచ్చాను.

భూమన్న సేటు దుకాణం ఒక్కటే వదిలేశాను. ఆ గడప ఎక్కడానికి కాళ్లు రాలేదు. ఆ రోజు తిరిగిపోయిన స్ప్రింగును వేరేవాళ్లెవరో లెక్క తెలియక మళ్లీ ఒక చుట్టు ఎక్కువే బిగించారట, ఏడాదిగా ఆయన ఆ షట్టర్‌ను అలాగే వాడుకుంటున్నాడు. శవయాత్ర వస్తే ఇద్దరు పనివాళ్లు చెరో పక్క వేలాడి సగంలో ఆపేవాళ్లట. దసరా అయిన మరుసటి వారం రంగు డబ్బా పట్టుకుని పోయాను.

ఖలీల్ అక్కడే ఉన్నాడు. సేటు పిలిపించాడట. బామ్మర్ది పానా పట్టుకున్నాడు, రెండో పానా పిడి గోడకు ఆని ఉంది, రేకుకు తాడు కట్టి ఉంది. ఖలీల్ వేలితో తడిమి బోల్టు ఎక్కడుందో చూసుకుని, ఆ తర్వాతే స్పానర్ తగిలించాడు. నేను రోడ్డు మీదే నిలబడ్డాను.

“ఎన్ని?” అన్నాడు, నా వైపు తిరగకుండానే.

“నాలుగున్నర. గప్పుడు నేను అయిదున్నర పెట్టిన. బుక్కుల గూడ రాపిచ్చిన.”

“సూసిన. నీ నోటితోని ఇందామని.”

ఒక చుట్టు తీశారు. సేటు షట్టర్‌ను సగం దాకా దించి వదిలాడు. అది అక్కడే నిలబడింది.

నేను సేటు పనివాళ్లతో నిచ్చెన తెప్పించి గోడకు వేయించాను. కుంచె కట్టిన నా చెయ్యి చూసి ఖలీల్ ముందుకొచ్చాడు. “నువ్వు ఎక్కకు, పడుతవ్. తే గిటు. తెలుగుల రాసి, కింద ఉర్దూల గూడ రాస్త. మావోళ్లు గూడ సదువాలె గద.”

గుడ్డ ముడి అతనే విప్పి కుంచె తీసుకున్నాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

“పట్టినవా?”

“పట్టలే” అన్నాను. “నా చేతులను నమ్మకు. పనోళ్లతోని నిచ్చెనకు తాడేసి పక్క స్తంభానికి కట్టిచ్చిన. నువ్వే గుంజి సూసుకో.”

అతను కాలు దించి తాడు దగ్గరికి పోయాడు. ఒకసారి గట్టిగా లాగాడు, ఇంకోసారి లాగాడు. తర్వాతే ఎక్కాడు.